అక్షరం ముందా, గాయం ముందా? పాత వెండి రూపాయిని పరీక్షించే పద్ధతి

పాత వెండి రూపాయి మీద ఏదైనా వింత గుర్తు కనిపిస్తే, అది టంకశాలలో పుట్టిన లోపమా, బయటికి వచ్చాక తగిలిన దెబ్బా అన్నది తేల్చడం ఎలాగో చెబుతాను. ప్రొద్దుటూరులో మాది వెండి పని చేసే కుటుంబం. కరిగించమని వచ్చే పాత రూపాయలు ముందు నా చేతి మీదుగా పోతాయి. మూసలో పడ్డాక ఏ నాణెమూ వెనక్కి రాదు. అందుకే పడకముందు చూసే చూపు నాకు చాలా ముఖ్యం. ఈ నాణేల మీద కనిపించే గాయాల్లో చాలావరకు మా వృత్తి పనిముట్లు చేసినవే: టంకం, ఆకురాయి, ఆసిడ్, సుత్తి. ఏ పనిముట్టు ఎలాంటి గుర్తు వదులుతుందో తెలిస్తే టంకశాల గుర్తును వేరు చేయడం సగం తేలికవుతుంది.

నాణెం ఎలా పుడుతుందో ముందు మనసులో పెట్టుకోవాలి. వెండి కడ్డీని రేకుగా సాగదీసి, అందులోంచి గుండ్రని బిళ్ళలు కత్తిరిస్తారు. బిళ్ళను కాల్చి మెత్తబరచి, అంచును నొక్కి కొద్దిగా పైకి లేపుతారు. దాన్ని ఉక్కు వలయంలో కూర్చోబెట్టి, కిందా పైనా ఉన్న రెండు ఉక్కు అచ్చుల మధ్య ఒక్క దెబ్బ కొడతారు. బొమ్మ, బొరుసు, అంచు మీది పళ్ళు, మూడూ ఆ దెబ్బతోనే ఏర్పడతాయి. ఆ ఒత్తిడికి వెండి పారి, అచ్చులోని పల్లాల్లోకి ఎక్కుతుంది. కాబట్టి లోపం బిళ్ళలో ఉండవచ్చు, అచ్చులో ఉండవచ్చు, కొట్టిన తీరులో ఉండవచ్చు. ఆ తర్వాత జరిగినదంతా నష్టమే, ఎంత విచిత్రంగా కనిపించినా సరే.

అందుకే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. అక్షరం ముందు వచ్చిందా, గాయం ముందు వచ్చిందా? వింత గుర్తు ఏదైనా అక్షరాన్నో, బొమ్మనో, అంచునో ఎక్కడో ఒకచోట తాకుతుంది. ఆ కలిసే చోటే సాక్ష్యం ఉంటుంది. నాణెం మధ్యలో ఖాళీ జాగాలో ఉన్న గీతను గంటసేపు చూసినా తెలియనిది, ఆ గీత ఒక అక్షరాన్ని దాటే చోట వెంటనే తెలిసిపోతుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే త్రాసు, ఒక దీపం, అదే రకానికి చెందిన మామూలు రూపాయి ఒకటి. ఈ చివరిది లేకుండా కూర్చోవద్దు. విక్టోరియా రూపాయిని అనుమానిస్తే పక్కన ఇంకో విక్టోరియా రూపాయి ఉండాలి. దీపం పైనుంచి కాకుండా పక్కనుంచి, వాలుగా పడాలి. వాలు వెలుగులో దీపం వైపున్న గోడ మెరిస్తే ఆ గుర్తు ఉబ్బు, దీపానికి అవతలి గోడ మెరిస్తే గుంట. నాణేన్ని తిప్పుతూ రెండు మూడు వైపుల నుంచి చూడాలి. ఫోటో చూసి ఉబ్బా, గుంటా అని తేల్చబోతే కన్ను మోసపోతుంది.

మొదటి పరీక్ష గీతలది. అచ్చు పగిలితే ఆ పగులులోకి వెండి ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది. సన్నగా, కాస్త వంకరగా, చాలాసార్లు అంచు దగ్గర మొదలై అక్షరాల మీదుగా పాకుతుంది. అక్షరాన్ని తెంచదు, దానితో కలిసిపోతుంది. తర్వాత పడిన గీత దీనికి పూర్తిగా ఎదురు. నాగలి చాలు తీస్తే మట్టి రెండు పక్కలా లేచినట్టు, పదునైన పనిముట్టో మేకో గీసిన చోట వెండి రెండు పక్కలా గట్టు కడుతుంది. అక్షరాన్ని దాటేచోట దాని నెత్తి కోసుకుపోయి ఉంటుంది. బాగా చలామణి అయిన నాణెంలో ఈ గట్లు అరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు కూడా అక్షరం మీది కోత మిగులుతుంది. అచ్చు ముక్క అంచు దగ్గర విరిగి ఊడిపోతే అక్కడ అక్షరాలు లేని ఉబ్బెత్తు ముద్ద ఒకటి ఏర్పడుతుంది. వెనక్కి తిప్పి సరిగ్గా దాని అడుగున చూడండి. వెండి అంతా ఖాళీ వైపు పారిపోయింది కాబట్టి అక్కడ ముద్ర పేలవంగా పడి ఉండాలి. ముద్ద ఉండి, వెనక ముద్ర నిండుగా ఉంటే అక్కడెవరో టంకం పోసి ఉంటారని అనుమానించండి.

బిళ్ళలోని లోపం ఇంకో రకం. రేకు సాగదీసేటప్పుడు లోపల మలినమో గాలో చిక్కుకుంటే, వెండి పొరగా లేస్తుంది. ముద్ర పడకముందే పొర ఊడితే, ఆ గుంట అడుగున కూడా అక్షరం నీడలా, పేలవంగా కనిపిస్తుంది, ఎందుకంటే అచ్చు ఆ గుంటలోకీ దిగింది. ముద్ర పడ్డాక ఊడితే అక్షరం పొరతోపాటే పోతుంది, అడుగున ఒకే దిశలో సాగిన సన్నని చారలు ఉంటాయి. రెండూ టంకశాల లోపాలే. ఉలితో పెకిలించిన గుంటకు మాత్రం ఈ చారలు ఉండవు. ఒక వైపు నిటారుగా దిగి, ఇంకో వైపు వెండి ముద్దగా నెట్టుకుపోయి ఉంటుంది. లోపల తెల్లగా మెరుస్తోందా, నల్లబడిందా అన్నదాన్ని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. వందేళ్ళ కిందటి దెబ్బ కూడా నాణెంతో సమానంగా నల్లబడుతుంది.

అంచు గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మోసం అక్కడే ఎక్కువ, నిజం కూడా అక్కడే ఎక్కువ దొరుకుతుంది. బిళ్ళలు కత్తిరించేటప్పుడు రేకు సరిగా ముందుకు జరగకపోతే, అంతకుముందు కత్తిరించిన రంధ్రం మీదే మళ్ళీ కోత పడి, చంద్రవంక ఆకారంలో ముక్క లేని బిళ్ళ తయారవుతుంది. అది ముద్రకు వెళితే మూడు సంగతులు చూడాలి. కొరత దగ్గరున్న అక్షరాలు ఖాళీ వైపు సాగి, సన్నబడి, అంచు దగ్గర జారిపోయినట్టు ఉంటాయి. కొరత పడిన గోడ ఉక్కు వలయాన్ని తాకలేదు కాబట్టి అక్కడ పళ్ళు ఉండవు, కొంత నున్నగా, కొంత చిరిగినట్టు ఉంటుంది. ఇక మూడోది నాకు చాలా ఇష్టమైన ఆధారం. కొరతకు సరిగ్గా ఎదురుగా, నాణెం అవతలి చివర అంచు కట్ట పేలవంగా ఉంటుంది. అంచును పైకి లేపే యంత్రం రెండు ఎదురెదురు వైపుల నుంచి ఒకేసారి నొక్కుతుంది. ఒక వైపు ముక్కే లేనప్పుడు ఎదుటి వైపుకు ఒత్తిడి అందదు. ప్రతి కొరత నాణెంలోనూ ఇది స్పష్టంగా ఉండదు గానీ, ఉన్నప్పుడు సందేహం మిగలదు. కత్తెరతోనో రంపంతోనో తర్వాత కోసిన నాణెంలో అక్షరాలు నిండు ఎత్తుతో వచ్చి కోత దగ్గర తటాలున ఆగిపోతాయి. కోత గోడ మీద ఆకురాయి గీతలు ఒకదాని పక్కన ఒకటి సమానంగా కనిపిస్తాయి.

ముద్ర పక్కకు జరిగిన రూపాయలకూ ఇదే చూపు. బిళ్ళ వలయంలో సరిగా కూర్చోకపోతే బొమ్మ, బొరుసు రెండూ ఒకే దిశకు జరగాలి, నాణెం గుండ్రదనం చెడాలి, పళ్ళు లేకుండా పోవాలి. ఒక వైపు మాత్రమే కాస్త జరిగి అంచు పళ్ళు చక్కగా ఉంటే, అది అచ్చు బిగింపులోని తేడా. అది కూడా టంకశాలదే, కానీ సాధారణం. వలయం లేకుండా కొట్టిన నాణెం మామూలు దానికంటే వెడల్పుగా ఉంటుంది. మామూలు రూపాయి అడ్డుకొలత సుమారు 30.5 మిల్లీమీటర్లు. వెడల్పు పెరిగినా బరువు మారదు. దాగలి మీద పెట్టి సుత్తితో సాగదీసిన నాణెం కూడా వెడల్పవుతుంది, దానికీ బరువు మారదు. తేడా అక్షరాల నెత్తి మీద ఉంటుంది. సుత్తి పడిన అక్షరం చదునుగా అణగి మెరుస్తుంది, టంకశాల అక్షరం గుండ్రంగా నిలబడి ఉంటుంది.

బరువు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1835 నుంచి ప్రామాణిక రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పాత తులం కూడా సరిగ్గా ఇంతే. నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940 నుంచి బరువు అలాగే ఉంచి వెండిని సగానికి తగ్గించారు, 1947లో రూపాయికి వెండి మాని నికెల్‌కు మారారు. అక్షరాలు పదునుగా ఉన్న నాణెం బరువు బాగా తక్కువగా ఉంటే ఏదో జరిగింది. త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి, నాణేన్ని దారంతో ఆ నీళ్ళలో వేలాడదీసి, గిన్నె బరువు ఎంత పెరిగిందో చూడండి. గిన్నె అడుగుకు, గోడకు నాణెం తగలకూడదు. 91.7 పాళ్ళ వెండి రూపాయికి అది 1.13 గ్రాముల దగ్గర ఉండాలి. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి 1.22 దాకా వస్తుంది. విక్టోరియా రూపాయి 1.3 చూపితే దాని మీది లోపం గురించి ఆలోచించే పనే లేదు, నాణెమే నకిలీ.

ఇక మా ప్రాంతంలో ఎక్కువగా కనిపించే నష్టాలు. వెండి రూపాయలను దండలుగా గుచ్చి వేసుకోవడం ఇక్కడ పాత అలవాటు. సుగాలీల నగల్లోనూ నాణేలు బాగా వాడేవారు. కొన్నిటికి రంధ్రం వేశారు, కొన్నిటికి పైన కొక్కెం అతికారు. తర్వాత కొక్కెం తీసేసి అంచును ఆకురాయితో సరిచేస్తే అక్కడ చదునైన జాగా మిగులుతుంది. జమ్మలమడుగు వైపు నుంచి ఒక అవ్వ అలాంటి రూపాయే తెచ్చింది. రాణి కిరీటం పైన అంచు కట్ట కరిగి ముద్దకట్టినట్టు ఉంది. అచ్చులో లోపమని, దానికి వేలల్లో ధర వస్తుందని ఎవరో చెప్పారట. భూతద్దంలో చూస్తే పళ్ళ మధ్య సందుల్లో టంకం నిండి ఉంది, చుట్టూ వెలిగారం కాలిన గాజులాంటి మరక.

“అవ్వా, ఇది దండలో ఉండేదా?” అని అడిగాను.

“మా అత్తగారి దండలోది నాయనా. పంపకాల్లో నాకు వచ్చింది,” అంది.

టంకం గుర్తుకు నేను చూసేవి రెండు. ఒకటి దాని చోటు. కొక్కెం ఎప్పుడూ తల నిటారుగా వేలాడేలా పెడతారు, కాబట్టి మరక దాదాపు ఎప్పుడూ బొమ్మ తలపైనే ఉంటుంది. టంకశాల లోపానికి తలా కాళ్ళా అన్న భేదం లేదు, చుట్టూ ఎక్కడైనా పడుతుంది. రెండోది రంగు. టంకంలో వెండి పాలు తక్కువ, అందుకే అది పసుపు ఛాయలో, నాణెం కంటే వేరుగా నల్లబడుతుంది. రంధ్రాన్ని పూడ్చి మళ్ళీ అక్షరం చెక్కిన నాణేలూ ఉంటాయి. గచ్చు మీద వేలితో మీటితే నిఖార్సయిన రూపాయి టంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, పూడ్చినది మొద్దుగా పలుకుతుంది. అయితే లోపల పొర చీలిన నిజమైన లోపపు నాణెమూ మొద్దుగానే పలుకుతుంది. మోత ఒక్కటే విని తీర్పు చెప్పకండి.

ఆ అవ్వ రూపాయిని కరిగించవద్దని చెప్పి పంపాను. లోపపు ధర రాకపోవచ్చు గానీ, అది ఒక ఇంటి దండలో తరాలు దాటిన రూపాయి.

ఆసిడ్ నష్టం మోసపూరితమైనది. నాణేన్ని ఆసిడ్‌లో ముంచితే అంతా సమానంగా పలచబడుతుంది. అక్షరాలు సన్నబడి, పళ్ళు కరిగి, ఒళ్ళంతా గరుకుగా, పాలిపోయి ఉంటుంది. పలచని బిళ్ళ మీద కొట్టిన లోపమని దీన్ని అమ్ముతారు. నిజంగా పలచని బిళ్ళ అయితే వెండి చాలక ముద్ర మధ్యలోనో అంచులోనో నిండదు, కానీ నిండిన చోట అక్షరం మందం మామూలుగానే ఉంటుంది, నేల, అంటే అక్షరాల చుట్టూ ఉన్న చదునైన జాగా, నున్నగా ఉంటుంది. అచ్చులో నూనె, మురికి పేరుకుంటే కూడా అక్షరాలు కనబడవు. అలాంటప్పుడు ఒకటి రెండు అక్షరాలు మాత్రమే మెత్తగా మాయమై పక్కవి పదునుగా ఉంటాయి, వాటి చుట్టూ నేలకు ఏ గాయమూ ఉండదు. గోకి తీసిన అక్షరం చోట నేల పల్లంగా, గీతలతో ఉంటుంది. తేదీలోని అంకెలను ముఖ్యంగా ఇలా చూడాలి. ఆరవ జార్జి 1939 రూపాయి చాలా అరుదు, అందుకే ఆ 9 మీద ఎవరి చేయి పడిందోనని ప్రతిసారీ అనుమానించాలి.

ఒక వైపు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగిన బొమ్మ ఉన్న నాణేలు నిజంగానే పుడతాయి. కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోతే, తర్వాతి బిళ్ళ మీద దాని ముద్ర పడుతుంది. అలా పుట్టిన నాణెంలో ఆ వైపు అసలు బొరుసు జాడే ఉండదు, రెండో వైపు నిండుగా ఉంటుంది. రెండు నాణేలను పట్టుకొయ్యలో పెట్టి బిగించి తయారు చేసిన దానిలో తిరగబడిన బొమ్మ కింద పాత ఉబ్బెత్తు అక్షరాలు ఇంకా కనిపిస్తాయి, రెండో వైపు అణగిపోయి ఉంటుంది. రెండు వైపులా బొమ్మే ఉన్న రూపాయి చూపిస్తే అంచు లోపలి ఒరను భూతద్దంతో వెదకండి. ఒక నాణేన్ని తొలిచి ఇంకోదాన్ని అందులో పొదిగిన సన్నని అతుకు దొరుకుతుంది.

లోపమూ కాని, దెబ్బా కాని గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇవి తెలియకపోతే పై పరీక్షలన్నీ వృథా. 1862 తేదీ ఉన్న రూపాయలను ఆ ఒక్క సంవత్సరంలోనే కాదు, తేదీ మార్చకుండా 1870ల దాకా కొట్టారు. బొంబాయి టంకశాల తేదీ దగ్గర చుక్కలు పెట్టి వాటిని వేరు చేసింది. ఆ చుక్కలు కావాలని పెట్టినవి. విక్టోరియా మెడ కోసిన చోట కనిపించే డబ్ల్యూ డబ్ల్యూ అక్షరాలు చెక్కిన విలియం వయాన్ పొడి అక్షరాలు, గీతలు కావు. 1940ల రూపాయల్లో అంచు పళ్ళ మధ్య గాడి దొంగనాణేలను అరికట్టడానికి పెట్టినది. 1911 నాటి ఐదవ జార్జి రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ జరిగి, మరుసటి ఏడు దాన్ని మార్చారు. దాన్ని లోపపు నాణెమని అమ్ముతారు. అది చిత్రకారుడి పనే తప్ప ముద్రలో తప్పు కాదు.

చేత్తో కొట్టిన పాత రూపాయలకు లెక్కే వేరు. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేదాకా, ఆ తర్వాత కొంతకాలం కూడా, ఇక్కడ రకరకాల రూపాయలు తిరిగాయి. ఔరంగజేబు కాలంలో ఆదోనికి ఇమ్తియాజ్‌గఢ్ అని పేరు పెట్టి అక్కడా నాణేలు కొట్టారు. చేత్తో కొట్టే పనిలో అచ్చు బిళ్ళకంటే పెద్దది. అందువల్ల రాతలో కొంత భాగమే పడుతుంది, బిళ్ళ గుండ్రంగా ఉండదు, అంచు చీలుతుంది, కొన్నిసార్లు రెండుసార్లు దెబ్బ పడుతుంది. ఇవన్నీ ఆ పద్ధతి సహజ లక్షణాలు. మొఘలు రూపాయిలో ముద్ర పక్కకు జరిగిందని ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయల మీద హిజ్రీ 1172 అనే ఒకే తేదీ దశాబ్దాల పాటు సాగింది, అదీ తప్పు కాదు. ఈ నాణేల మీద చిన్న చిన్న నక్షత్రాలు, పువ్వులు, గీతలు గుద్ది ఉంటాయి. అవి షరాబులు వెండిని పరీక్షించి వేసిన గుర్తులు. ముద్ర తర్వాత పడ్డాయి కనుక నష్టం కిందే లెక్క, ధర తగ్గిస్తాయి. కానీ ఆ నాణెం ఏయే చేతులు మారిందో చెప్పేవి అవే. దయచేసి వాటిని పూడ్పించకండి.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఏమీ చేయకండి. మన ఇళ్ళలో వెండి రూపాయలు వరలక్ష్మీ వ్రతానికీ దీపావళి లక్ష్మీ పూజకూ బయటికి వస్తాయి. ముందురోజు చింతపండుతోనో విభూతితోనో తోమడం ఆనవాయితీ. ఏటా తోమితే రాజు చెంప, చెవి, జుట్టు పాయలు అరిగిపోతాయి, నేల మీద ఒకే దిశలో సన్నని గీతలు పరుచుకుంటాయి. అచ్చులు నూరినప్పుడు పడే గీతలు ఉబ్బెత్తుగా ఉండి అక్షరం కింద ఆగిపోతాయి, తోమిన గీతలు గుంటలుగా ఉండి అక్షరాల మీదికీ ఎక్కుతాయి. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, తోమాక గుర్తుల వయసు తెలిపే ఆధారాలన్నీ చెరిగిపోతాయి. అక్షరాల సందుల్లో కుంకుమ ఉంటే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు. పూజకు వేరే కొత్త వెండి నాణెం పెట్టుకోండి, అమ్మవారికి అభ్యంతరం ఉండదు.

పొలంలో దున్నుతుంటే దొరికిన నాణేలైతే లోపం సంగతి తర్వాత. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. మట్టిలో ఉన్న వెండికి గట్టి బూడిదరంగు పెచ్చు కడుతుంది, లోహం పెళుసుబారుతుంది. ఆ పెచ్చు కింద ఉన్నదాన్ని లోపమని గోకి చూడబోతే అక్షరమే ఊడి వస్తుంది.

కొనేటప్పుడు నాలుగు అడగండి: రెండు వైపుల ఫోటోలు వాలు వెలుగులో, అంచు ఫోటో చుట్టూ, నూరో వంతు దాకా బరువు. నాలుగోది, ఈ లోపం బిళ్ళలో వచ్చిందా, అచ్చులో వచ్చిందా, దెబ్బలో వచ్చిందా, ఎలా వచ్చింది అన్నది అమ్మేవారి నోటితోనే చెప్పించుకోండి. తెలిసినవారు ఒక్క వాక్యంలో చెబుతారు. “అరుదైనది, ఇలాంటిది ఇంకోటి లేదు” అన్న మాట తప్ప ఇంకేమీ రాకపోతే, మామూలు రూపాయి ధరకు మించి ఒక్క పైసా ఇవ్వకండి.